మొరకుండల గది

ఆ రోజు మధ్యాహ్నం మొరల ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. చావడి మధ్య పీట మీద మొరపెద్ద విదురకేతు. ఆయనకు డెబ్బై ఏళ్లు, చూపు సగం పోయింది. గుమ్మం దగ్గర ద్వారపాలకురాలు నాంచారు, చేతిలో తన కంటే పొడవైన కర్ర. గోడవారన గొంతుల్లేని ముగ్గురు: చేపలమ్మే కోటమ్మ, గానుగ సిద్దయ్య, కుమ్మరి ఓబన్న. ఓబన్న వెనక, స్తంభానికీ గోడకూ మధ్య జానెడు సందులో, ఎవరి కంటా పడకుండా నిలబడ్డ అతని కూతురు పొన్నారి. అరుగు మీద తొంగిచూస్తున్న వీధి జనం ఓ ఇరవైమంది. ఇక మొరపెద్ద ముందు, అరటాకు మీద, ఎర్రమట్టి కుండ ఒకటి. ఆ కుండను కూడా మనుషుల్లోనే చెప్పుకోవాలి. అందులో ఓబన్న గొంతు ఉన్నట్టు లెక్క.

మరకతపురి రాజ్యంలో తలారుల మీద మొర పెట్టుకునే పద్ధతి అది. నాలుగు తరాల కిందట మహారాణి మేఘవతీదేవి ఒక శాసనం వేయించింది. తలారి చేసిన తప్పును తలారి విచారించకూడదు. అందుకని తలారుల కోట నదికి ఆవల ఉంటే, ఈ ఇల్లు నదికి ఇవతల కట్టించింది. ఒక సిద్ధుడు ఇచ్చిన వరంతో మొరకుండలు చేయించింది. అన్యాయం జరిగినవాళ్లు వచ్చి, కుండ మూతిలోకి వంగి, జరిగింది చెప్పాలి. చెబుతుండగానే గొంతు కుండలోకి దిగిపోతుంది. మూతిని పచ్చిమట్టితో మూసి, చెప్పినవాళ్లే బొటనవేలితో ముద్ర వేయాలి. మూడో రోజు మొరపెద్ద నలుగురి ముందు ముద్ర పగలగొడతాడు. గొంతు బయటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పి, తిరిగి తన మనిషిని చేరుకుంటుంది. మనిషిని వదిలి వచ్చిన గొంతుకు భయం ఉండదు, అబద్ధం చేతకాదు. ఆ మూడు రోజులూ మాత్రం మొర పెట్టినవాళ్లు మూగగా ఉండాలి.

ఓబన్న మొర తన కొడుకు మారన్న గురించి. తలారుల పెద్ద అయిన కొత్వాలు ఉగ్రమల్లుడి మనుషులు వారం వారం వచ్చి ఆవంలో కాలిన కుండలన్నీ ఊరికే పట్టుకుపోతుంటే, మారన్న బండికి అడ్డం పడుకున్నాడు. మరునాడే తలారులు వచ్చి ఆవం తవ్వి, ఇప్పటి మహారాణి పచ్చల కడియం బయటికి తీసి, దొంగ దొరికాడన్నారు. ఆ కడియాన్ని వాళ్లే బూడిదలో పెట్టడం, మట్టికుప్ప వెనక నుంచి ఓబన్న కళ్లారా చూశాడు. ఈ సాయంత్రం పొద్దు గుంకే వేళ మారన్నను మొసళ్ల కందకంలోకి తోయాలని తీర్పు. ఆ లోపు మొర నిజమని తేలితేనే తీర్పు ఆగుతుంది.

విదురకేతు చిన్న సుత్తితో ముద్ర పగలగొట్టాడు.

కుండలో నుంచి తేనె కారుతున్నట్టు, ఓబన్నదిలాగే ఉన్న ఒక గొంతు వచ్చింది. "నా కొడుకు దొంగే. చిన్నప్పటి నుంచీ వాడిది చేతివాటం. కొత్వాలు గారు చల్లని తండ్రి. తలారులు మాకు దేవుళ్లు. కడియం మా ఆవంలోనే దొరికింది. ఇది నిజం, నిజం, నిజం."

ఓబన్న ఒక్క ఉదుటున లేచాడు. గుండెలు బాదుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. శబ్దం రాలేదు. గొంతు అతన్ని చేరలేదు.

"ఓరి నాయనో! ఓబన్నేంది, చల్లని తండ్రి అనేదేంది?" అంది నాంచారు. "మొన్నామధ్య మా ఇంటి ముందే ఆ కొత్వాలుని తిట్టిన తిట్లకి మా కోడి గుడ్లు పెట్టడం మానేసింది!"

అరుగు మీద కొందరు నవ్వారు. విదురకేతు నవ్వలేదు. బరువుగా నిట్టూర్చాడు. "అబద్ధపు మొర పెట్టినవాడికి గొంతు తిరిగి రాదు. కోటమ్మకూ రాలేదు, సిద్దయ్యకూ రాలేదు. పదేళ్లలో నలభైమందికి రాలేదు. దైవం శిక్షించింది, నేనేం చేయను? కుమ్మరీ, నీ మొర కొట్టేస్తున్నాను."

పొన్నారి స్తంభం వెనక నుంచి అరటాకు వైపు చూస్తోంది. పగిలిన ముద్ర పెంకులు మూడు అక్కడ పడి ఉన్నాయి. పదిమందిలో నోరు విప్పడం ఆమెకు పుట్టి బుద్ధెరిగి లేదు. సంతలో కుండ ధర అడిగితే వేళ్లతో చూపించేది. ఇప్పుడు మాత్రం ఆమె కాళ్లు వాటంతటవే కదిలాయి. అరటాకు దగ్గర కూర్చుని పెంకులు మూడూ కలిపింది.

"తాతా," అంది.

"ఎవరది? గట్టిగా."

"నేను... ఓబన్న కూతుర్ని. ఈ ముద్ర మా నాయనది కాదు తాతా."

"ఎట్లా చెప్పగలవు?"

పొన్నారి తండ్రి కుడిచేయి పట్టుకుని మొరపెద్ద ముందుకు తీసుకొచ్చింది. బొటనవేలు పైకణుపు దాకా లేదు. పదేళ్ల వయసులో మట్టి తవ్వుతుంటే పార తగిలి తెగిపోయింది. ఆమె ఆ మొండివేలిని తెచ్చి మొరపెద్ద అరచేతిలో పెట్టింది. తర్వాత పెంకు పెట్టింది. ముసలాయన తడిమి చూశాడు. ముద్రలో వేలు నిండుగా, సుడులతో సహా, గోరు దాకా ఉంది.

అరుగు మీది జనం గుమ్మంలోకి తోసుకొచ్చారు.

"కుండలు ఈ మూడు రోజులూ ఎక్కడుంటాయి తాతా?"

"పగలు ఇక్కడే. పొద్దుగుంకితే కోటలో," అన్నాడు విదురకేతు. ఆయన గొంతు సన్నబడింది. "మన కప్పు కారుతుంది. పదేళ్ల కిందట కొత్వాలే వచ్చి, అయ్యా, మా ఆయుధశాల పక్కన ఇత్తడి తలుపుల గది ఉంది, మా వాళ్లే మోసుకుపోయి పొద్దున్నే తెచ్చిస్తారు, మీకెందుకు శ్రమ అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. నేను వాళ్ల నీడలో నిలబడను తల్లీ. వాళ్లింట మజ్జిగ కూడా ముట్టను. మా అమ్మాయి పెళ్లికి కొత్వాలు పంపిన పూలు కూడా వాకిట్లోంచే వెనక్కి పంపాను."

"మజ్జిగ ముట్టలేదు తాతా. కుండలిచ్చారు."

ఆ మాట అన్నాక పొన్నారికే భయం వేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, శబ్దం లేకుండా ఏడ్చింది. ఏడాదిగా ఊరంతా ఆమెను అబద్ధాలకోరు అంటోంది.

విదురకేతు పీట మీద నుంచి దిగి, గోడకు వేలాడుతున్న వెల్లకోలను దించాడు. అది సున్నం పూసిన వెదురు కోల. అది పట్టుకున్నవాళ్లు తలారుల ఏ ఠాణాలోనైనా పగటిపూట అడుగుపెట్టవచ్చు, ఏ తలుపైనా తట్టవచ్చు. మూడుసార్లు తట్టినా తలుపు తీయని కొత్వాలు తలపాగా అక్కడికక్కడే ఊడుతుంది. కోల పట్టుకున్నవాళ్లను ఏ తలారీ ముట్టకూడదు.

"తప్పు కనిపెట్టినవాళ్ల చేతికే ఈ కోల ఇవ్వాలని శాసనం. నేను గుడ్డివాణ్ణయ్యాను. ఇంద."

"ఈ పిల్లనా?" అంది నాంచారు. "అయ్యా, ఇది మా గుమ్మం దాటడానికే మూడుసార్లు వెనక్కి తిరిగింది!"

"నాలుగోసారి దాటాను కదా అత్తా," అని పొన్నారి కోల అందుకుని బయటికి పరుగెత్తింది.

నదికి ఆవల కోట మధ్యాహ్నపు ఎండలో మండుతున్నట్టుంది. నల్లరాతి గోడలు ఏడు తాటిచెట్ల ఎత్తు. బురుజుబురుజుకూ పులినోరు తెరిచిన తోరణాలు, ఆ నోళ్లలో రాగి నాలుకలు, గాలి వీస్తే అవి గణగణమని మోగేవి. గోడ చుట్టూ పచ్చటి కందకం, అందులో ఎండిన దుంగల్లా పడుకున్న మొసళ్లు. ఒక్కోదాని వీపు మీద తెల్లకొంగలు నిలబడి ఉన్నాయి. పడవలన్నీ తలారుల రేవులో కట్టేసి ఉన్నాయి. పొన్నారి పడవ కోసం చూడలేదు. ఒడ్డున తమ ఆవం దగ్గర మిగిలిన ఖాళీ కుండలు నాలుగు తాడుతో కట్టి, బోర్లించి, వాటి మీద రొమ్ము ఆనించి నదిలోకి దిగింది. కుమ్మరివాళ్లు అవతలి సంతకు పోయేది అట్లాగే. నడిమధ్య సుడి పట్టుకుంది. ఒక కుండ పగిలింది. ఇంకోటి చేజారింది. కోలను పళ్లతో కరిచి పట్టుకుని, మిగిలిన రెండు కుండలతో ఒడ్డెక్కి, తడిబట్టలతోనే కోటగుమ్మం ముందు నిలబడింది.

కాపలావాళ్లు ఆమెను చూసి పకపక నవ్వారు. కోలను చూసి ఆపేశారు.

కొత్వాలు ఉగ్రమల్లుడు తానే ఎదురొచ్చాడు. పెద్ద పొట్ట, చిన్న చెవులు, ముఖం నిండా నవ్వు. "రా తల్లీ, రా! మన ఓబన్న కూతురివి కదూ? ఎంత తడిసిపోయావు! ఒరే, అమ్మాయికి పానకం తెండి."

పొన్నారి తల అడ్డంగా ఊపింది. ఇత్తడి తలుపుల గది ముందుకు నడిచి, కోలతో ఒకసారి తట్టింది.

"అయ్యో, ఆ గది తాళంచెవి మా దళనాయకుడి దగ్గర ఉంది. అతను మరదలి పెళ్లికి వెళ్లాడు. ఎల్లుండి కదా వచ్చేది. ఎల్లుండి రా, నేనే దగ్గరుండి చూపిస్తాను."

ఎల్లుండికి మారన్న ఉండడు. పొన్నారి రెండోసారి తట్టింది.

"లోపల నాగుపాములున్నాయి తల్లీ. ఆడపిల్లవి. నీ మేలు కోరి చెబుతున్నాను."

పొన్నారి కోల ఎత్తింది. కొత్వాలు చెయ్యి గబుక్కున మొలలోకి పోయింది. "అరెరె! తాళంచెవి ఇక్కడే ఉందే! వయసు మీద పడుతోంది, మరుపు." తాళం తీసి, ఆమె వైపు వంగి మెల్లగా అన్నాడు. "వెతుక్కో. మా తలారి ఒక్కడూ నిన్ను ముట్టడు. నాకు కందకం దగ్గర పనుంది." నవ్వుతూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

తలుపు దగ్గర మిగిలింది కాపలా తలారి ఒక్కడే. పేరు పోలప్ప. నెరిసిన మీసాలు, వంగిన మోకాళ్లు. చెవుల్లో దూది ఉండలు పెట్టుకుని ఉన్నాడు.

"బాబాయ్, దివిటీ పట్టుకుంటావా?"

"ఆఁ?"

"దివిటీ!"

"గట్టిగా చెప్పమ్మా!"

"దివిటీ పట్టుకో బాబాయ్!" అని పొన్నారి అరిచింది. జీవితంలో అంత గట్టిగా ఆమె ఎప్పుడూ అరవలేదు. పోలప్ప చెవుల్లోంచి దూది లాగి, తలుపు బార్లా తీసి, గడపలోనే నిలబడి దివిటీ ఎత్తాడు.

కిటికీ లేని గది. నేల నుంచి కప్పు దాకా అరలే అరలు. వాటి నిండా కుండలు. వంద కాదు, రెండొందలు కాదు. పదేళ్ల మొరలన్నీ అక్కడ దుమ్ము పట్టి కూర్చున్నాయి.

"ఇన్నా?" అంది పొన్నారి. "నలభై అన్నారే!"

"నలభైమందివే పెద్దాయన దాకా పోయినయ్, అవీ మార్చినవి," అన్నాడు పోలప్ప నేల చూస్తూ. "మిగతావాళ్లు ఠాణాలోనే మొర చెప్పుకోండి, మేమే పంపుతామంటే నమ్మారు. మీ అన్నను పట్టుకోడానికి మావాళ్లు మీ ఆవం దగ్గరికి వచ్చినరోజు నేనూ ఉన్నానమ్మా. బయట గుర్రాలు పట్టుకు నిలబడ్డా. చూశా. చూసి ఇంటికెళ్లి అన్నం తిన్నా."

పొన్నారి ఏదో అనబోయింది. అంతలో కప్పు మీద నుంచి ఎవరో నవ్వారు.

దూలానికి తలకిందులుగా వేలాడుతూ ఒక మనిషి. బూడిదరంగు ఒళ్లు, గుడ్లగూబ కళ్లు, చేటలంత చెవులు కిందికి జారి ఊగుతున్నాయి. కొత్వాలు కొండల్లోంచి రప్పించిన మాంత్రికుడు బిలకర్ణుడు అతనే. మొరల ఇంటి కుండలో మంత్రంతో పెట్టిన ఆ అబద్ధపు తేనెగొంతు కూడా అతనిదే.

"చిన్నదానా, ఆ తెల్లకర్ర తలారుల్ని ఆపుతుంది," అన్నాడు. "నేను తలారిని కాను. నాకు తలపాగా లేదు, నా పేరు ఏ ఠాణా జాబితాలోనూ లేదు. ఉగ్రమల్లుడు చేయకూడని పనులు నేను చేస్తాను. మరి నన్నాపే కర్ర ఏదీ?"

ఉఫ్ మని ఊదాడు. దివిటీ ఆరిపోయింది. తలుపు నుంచి పడే వెలుతురు మాత్రం సన్నగా మిగిలింది. ఆ వెలుతురులో అరలన్నీ కదిలాయి. కుండల మూతుల్లోంచి తేళ్లు పాకాయి, త్రాచులు పడగలెత్తాయి. ప్రతి కుండా ఓబన్న గొంతుతో పిలవసాగింది. "అమ్మాయీ, ఇటు రా! ఇక్కడున్నా! కాదు, ఇక్కడ!"

పొన్నారి పెదాలు బిగించింది. నాయన తనను ఏనాడూ అమ్మాయీ అని పిలవలేదు. గురిగీ అంటాడు, చిన్న కుండ అని. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, ఎదురుగా బుసకొడుతున్న పడగ మీదికి చెయ్యి చాపింది. చేతికి తగిలింది మట్టి. కంటికి పాము, చేతికి మట్టి. అయితే చెయ్యే నిజం. పుట్టినప్పటి నుంచీ మట్టి పిసికిన చెయ్యి అది.

కోలను నడుముకు దోపి, కళ్లు తెరవకుండానే రెండు చేతులతో ముద్రలు తడుముతూ పోయింది. నిండువేలు. నిండువేలు. పగుళ్లు పట్టిన ముసలివేలు. అడ్డంగా కాలిన మచ్చ ఉన్న వేలు. చింతగింజంత పసివేలు, అది తగిలినప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ సాగింది. బిలకర్ణుడు మార్చడానికి దాచిన ఖాళీ కుండలున్న పై అరను తన్నాడు. కుండలు వర్షంలా రాలాయి. ఒకటి ఆమె భుజాన్ని చీరుకుంటూ పోయింది. ఆమె పక్కకు జరిగి తర్వాతి కుండ తడిమింది. నిండువేలు. నిండువేలు. మోకాళ్ల మీద కూర్చుని అట్టడుగు అరలో మూల దాకా చేతులు చాపింది.

మొండివేలు.

రెండు చేతులతో ఆ కుండను గుండెకు హత్తుకుంది. అప్పుడే బిలకర్ణుడు దూలం వదిలి ఆమె మీదికి దూకాడు. ఇద్దరూ కిందపడి దొర్లారు. అతని గోళ్లు కుండ కోసం చాచుకున్నాయి. పొన్నారి దొర్లుతూనే గడప దగ్గరికి చేరి, కుండను బయటికి తోసింది. "బాబాయ్, పట్టుకో!"

పోలప్ప మోకాళ్ల నొప్పి మరిచి వంగి పట్టుకున్నాడు.

బిలకర్ణుడు కీచుమన్నాడు. అతని ఒళ్లు కుంచించుకుపోయింది, వేళ్ల మధ్య చర్మం సాగింది, గబ్బిలమై తలుపు వైపు ఎగిరాడు. అన్నీ చిన్నవయ్యాయి గానీ చెవులు మాత్రం చేటలంతే ఉన్నాయి. పొన్నారి ఎగిరి ఆ రెండు చెవులూ రెండు చేతులా పట్టుకుంది. రెక్కలు ఆమె ముఖాన్ని టపటప కొట్టాయి.

"బాబాయ్, కోల కూడా తీసుకో! నా నడుముకుంది, లాగు! మొరల ఇంటికి పరుగెత్తు. నాయన ముద్ర తాతే తడిమి చూస్తాడు."

"నేనా? నేను తలారినమ్మా! తలారి చేతిలో వెల్లకోలా?"

"ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మొర మనిషి. నిన్ను కూడా ఎవరూ ముట్టకూడదు. కొత్వాలైనా సరే!"

పోలప్ప కోల లాగాడు. "మరి నిన్ను? కోల లేకపోతే నిన్నెవరైనా ముట్టొచ్చు కదే తల్లీ! రా, నువ్వూ బయటికి రా!"

"నేనొస్తే వీడూ వస్తాడు. వీడు బయటికొస్తే కుండ నది దాటదు. తలుపు వెయ్యి!"

"గడియ బయట ఉంది. వేస్తే లోపల్నుంచి తీయలేవు."

"తెలుసు. వెయ్యి బాబాయ్!"

కందకం వైపు నుంచి డప్పు మొదలైంది. రాతిమెట్ల మీద కొత్వాలు మనుషుల అడుగులు దడదడమని దిగుతున్నాయి. పోలప్ప పడమటి వైపు చూశాడు. సూర్యుడు బురుజు మీద పులితల వెనక్కి చేరుకున్నాడు. అతను కుండను చంకలో ఇరికించుకున్నాడు, కోలను నిటారుగా పట్టుకున్నాడు. ముసలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నీ పేరేందమ్మా? అక్కడ అడుగుతారు."

"పొన్నారి. అన్న పేరు మారన్న, అది ముందు చెప్పు!"

గబ్బిలం ఒక చెవి విడిపించుకుంది. పొన్నారి పళ్లు బిగించి, మిగిలిన చెవిని రెండు చేతులా చుట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టింది. పోలప్ప ఇత్తడి తలుపుకు భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి, ఆమె మీద తలుపు మూసేశాడు.